మిర్చిలో మిగిలిన మందును యంత్రం ఎలా పడుతుంది?

కాయ ఎర్రగా నిగనిగలాడుతుంది. తాలు లేదు, తేమ లేదు. అయినా ఎగుమతికి పనికిరాదంటారు. కారణం కంటికి కనిపించని పురుగుమందు అవశేషం. నందిగామ, జగ్గయ్యపేట రైతులు గుంటూరు యార్డుకి తోలే మిర్చికీ ఈ చిక్కు తప్పదు. అవశేషాల్ని పట్టే ముఖ్య యంత్రాల్లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఒకటి.

కాగితం పద్ధతి

అద్దుడు కాగితం ముక్క మీద సిరా చుక్క పెట్టి, అంచును నీళ్లలో ముంచండి. నీరు పైకి పాకేకొద్దీ సిరాలోని రంగులు విడిపోతాయి. కాగితాన్ని పట్టుకునే రంగు కింద ఆగుతుంది, నీటితో నడిచేది పైకి పోతుంది. 1944లో మార్టిన్ బృందం ఈ సూత్రంతోనే కాగితం పద్ధతిని ప్రకటించింది. ఖర్చు తక్కువే. కాని గంటల తరబడి ఆగాలి, మచ్చను చూసి అంచనా కట్టాలి. అతి కొద్ది మందు దీనికి చిక్కదు.

గ్యాస్ పద్ధతి

1952లో జేమ్స్, మార్టిన్ నీటి బదులు వాయువును వాడారు. మిర్చిపొడిలోని మందును ద్రావకంలోకి రాబట్టి, శుభ్రంచేసి, చుక్కకన్నా తక్కువ యంత్రంలోకి ఎక్కిస్తారు. వేడికి అది ఆవిరవుతుంది. హీలియం లేదా నైట్రోజన్ దాన్ని వెంట్రుకంత సన్నని గొట్టంలోకి తోస్తుంది. చుట్టలా ఉండే ఈ గొట్టం పొడవు సాధారణంగా 30 మీటర్లు. లోపల పల్చటి పూత ఉంటుంది.

గుడివాడలో ఒకేసారి బయల్దేరిన లారీ, సైకిలు, ఎడ్లబండి బెజవాడకు వేర్వేరు వేళలకు చేరినట్టే, ఒక్కో మందు ఒక్కో నిమిషానికి బయటికొస్తుంది. అప్పుడు గీతలో గుట్టలా లేస్తుంది. వచ్చిన వేళను బట్టి ఏ మందో, గుట్ట సైజును బట్టి ఎంతో తెలుస్తుంది. క్లోరిపైరిఫాస్, సైపర్‌మెత్రిన్ వంటివి ఇందులో దొరికిపోతాయి. ఆవిరి కాని ఇమిడాక్లోప్రిడ్ వంటివాటికి ద్రవ పద్ధతి యంత్రం వేరే ఉంది. మందు మార్చి తప్పించుకుందామంటే కుదరదు.

ఎంత కొద్దిగా ఉన్నా?

ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందులకు యూరప్ దేశాల హద్దు కిలోకి 0.01 మిల్లీగ్రాము. అంటే వెయ్యి క్వింటాళ్లలో ఒక్క గ్రాము!

మీరు చేయాల్సింది

* కోతకు ఎన్నాళ్ల ముందు మందు ఆపాలో డబ్బాలోని కరపత్రంలో ఉంటుంది. ప్రతి కోతకూ ఆ గడువు పాటించండి.
* కాయ ఎండితే నీరు పోతుంది గాని మందంతా పోదు. కిలో లెక్కన పెరగవచ్చు కూడా. కళ్లంలో ఆరబెడితే పోతుందనుకోవద్దు.
* ఏ మందు, ఏ తేదీ, ఎంత మోతాదు కొట్టారో పుస్తకంలో రాసుకోండి.
* ఆలస్యంగా మందు కొట్టిన మడి కాయను మిగతా కాయలో కలపొద్దు. నాలుగు బస్తాలు లాట్ మొత్తాన్ని ముంచుతాయి.