డెకార్ట్ సంశయపద్ధతి : న్యాయపరిభాషలో ఒక పరిశీలన

ఫ్రెంచి తత్త్వవేత్త రెనే డెకార్ట్ (1596–1650) తన ఆలోచననుబట్టి తన ఉనికిని నిశ్చయించుకొనెను. ఆయన వాక్యములోని ‘కావున’ అను పదమును చూచి దానిని అనుమానముగా గ్రహించుట కలదు. అట్లైనచో వ్యాప్తి యేది, దృష్టాంత మెక్కడ అను ప్రశ్నలు పుట్టి, వాదము దుర్బలముగా తోచును. ఈ గ్రహణము యుక్తమా యని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట సంశయస్వరూపము. గౌతముని మతమున సంశయము కారణజన్యము. మసకవెలుగులో స్థాణుపురుషసాధారణమైన ఎత్తును చూచి, విశేషమును చూడనివానికి అది తానుగా పుట్టును. డెకార్ట్ సంశయ మట్టిది కాదు. 1641లో ప్రకటితమైన ‘ధ్యానములు’ అను లాటిన్ గ్రంథమున, ఒకప్పుడు మోసగించినవి గనుక ఇంద్రియములను, స్వప్నదృష్టాంతముతో జాగ్రద్విషయములను, తన్ను వంచించు సర్వశక్తు డుండవచ్చునని యూహించి గణితమును సైతము ఆయన బుద్ధిపూర్వకముగా సంశయించెను. బాధనిశ్చయ ముండగా ఇచ్ఛచే కలుగు జ్ఞానమును నవ్యనైయాయికులు ఆహార్య మందురు. డెకార్ట్ ఆ నిశ్చయమునే నిలిపివేయుచున్నాడు గనుక, ఇచ్చటి సామ్యము ఇచ్ఛాంశమునందు మాత్రమే.

ఈ సంశయమునకు అవధి యేది? వ్యాఘాతమే శంకకు అవధియని ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో నిర్ణయించిరి. ధూమమును గోరి అగ్నిని తెచ్చుకొనువాడు ఆ రెంటి సంబంధమును శంకింపజాలడు. శంక స్వప్రవృత్తితో విరోధించును. డెకార్ట్ ప్రవృత్తిని ముందే వేరుచేసెను. 1637 నాటి పద్ధతివిషయక గ్రంథమున తాత్కాలిక నీతినియమములను ఏర్పరచుకొని, లోకవ్యవహారమును వానికి విడిచెను. కనుక ప్రవృత్తివిరోధము ఆయన సంశయమును ఆపదు. సంశయించుచున్న నేనే లేనను శంక మాత్రము తన్ను తానే ఖండించుకొనును. అదియే ఆయనకు దొరకిన అవధి.

ఇది అనుమానమా? ‘ధ్యానముల’పై వచ్చిన రెండవ ఆక్షేపములకు సమాధానమిచ్చుచు ఆయనయే కాదనెను. ఆలోచించున దెల్ల ఉండునను సామాన్యనియమమును ముందెరిగి, దానినుండి తన ఉనికిని సాధించుట లేదు. తనయందు దానిని సాక్షాత్తుగా కాంచి, పిదప నియమమును గ్రహించుచున్నాడు. కావున వ్యాప్తి యేదను ఆక్షేపము ఇచ్చట నిలువదు. మానసప్రత్యక్షముతో పోల్చుటయే యుక్తతరము.

అట్లని ఇది శాంకరసిద్ధాంతమే యనుట తొందరపాటు. తన ఉనికిని ఎవడును నిరాకరింపజాలడని భాష్యకారులును చెప్పిరి. కాని డెకార్ట్ ‘నేను’ ఆలోచించు ద్రవ్యము. సంశయము దాని ధర్మము. శంకరులకు సంశయము అంతఃకరణవృత్తి, ఆత్మ తత్సాక్షి. వాక్యసామ్యమును చూచి సిద్ధాంతసామ్యమును చెప్పరాదు. అధ్యాపకులు ముందు ఈ భేదమును నిరూపించి, పిదప సామ్యమును చూపినచో, విద్యార్థికి రెండు దర్శనములును తమతమ రూపములతో తెలియును.