ఆటగాడు జడ్జి అయ్యాడు

మనకు క్రికెట్ ఎలాగో, అమెరికా వాళ్ళకు ఫుట్‌బాల్ అలాగ. అయితే వాళ్ళ ఫుట్‌బాల్ కాలితో తన్నుకుంటూ ఆడే ఆట కాదు. బంతి కూడా గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. దాన్ని చేత పట్టుకుని అవతలి గీత దాకా పరుగెత్తాలి. ఎదుటి జట్టు అడ్డం పడుతుంది. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్టు పట్టి పడేస్తుంది. అలా పట్టి పడేయడంలో పేరు మోసినవాడు ఆలన్ పేజ్.

పేజ్ 1945లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళు నల్లవారు. ఆ ఊళ్ళో ఉక్కు కర్మాగారాలు ఉండేవి. చదువు అబ్బని కుర్రాడికి అక్కడే కూలిపని. ఆ పని తనకు వద్దని పేజ్ చిన్నప్పుడే అనుకున్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తెల్లపిల్లలకు ఒక బడి, నల్లపిల్లలకు వేరే బడి. అది తప్పు అని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి పేజ్‌కు ఎనిమిదేళ్ళు. ఒక తీర్పుతో ఇంత మార్పు వస్తుందా అని అతనికి ఆశ పుట్టింది. లాయరు కావాలన్న కోరిక అప్పుడే మనసులో పడింది. పదమూడో ఏట తల్లి చనిపోయింది. అయినా చదువు ఆగలేదు.

ఆట అతన్ని కాలేజీకి చేర్చింది. 1967లో డిగ్రీ చేతికి వచ్చింది. ఆ ఏడాదే మిన్నెసోటా రాష్ట్రంలో ‘వైకింగ్స్’ అనే పెద్ద జట్టు ఆయన్ని తీసుకుంది. అంటే జీతానికి ఆట. 1971లో ఆ ఏడాది మొత్తానికి మేటి ఆటగాడు అన్న బహుమతి వచ్చింది. అంతకుముందు బంతితో దాడి చేసేవాళ్ళకే ఆ పేరు దక్కేది. అడ్డుకునేవాడికి రావడం అదే మొదటిసారి.

పేజ్ జీవితంలో మరిచిపోలేని సంగతి ఒకటి ఆట మైదానంలో కాదు, ఒక గదిలో జరిగింది. ఈ ఆటలో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది ముందే రాసి, బొమ్మలు గీసి ప్రతి ఆటగాడికీ పుస్తకం ఇస్తారు. ఒకరోజు శిక్షకుడు ఆ పుస్తకాన్ని పైకి చదవమన్నాడు. కొందరు గడగడా చదివారు. కొందరు తడబడ్డారు. కొందరికి అసలు చదవడమే రాలేదు.

వాళ్ళంతా కాలేజీ మెట్లు ఎక్కి వచ్చినవాళ్ళు! మరి అక్షరాలు రాకుండా ఎలా వచ్చారు? బాగా ఆడుతున్నాడు కదా అని బడిలో ఎవరూ పట్టించుకోలేదు. తరగతి తర్వాత తరగతి దాటించేశారు. వాళ్ళు తెలివి తక్కువవాళ్ళేమీ కాదు. అంత కష్టమైన ఆట ఆడుతున్నారు. లోపం వాళ్ళలో లేదు, చదువు చెప్పకుండా పంపించినవాళ్ళలో ఉంది. ఈ ఆట ఆడే ఒంటికి ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి శక్తి తగ్గిపోతుంది. ఆ తర్వాత ఏం చేయాలి? జీతం ఒప్పందంలో ఏం రాశారో ఎవరు చదివి చెప్పాలి? ఈ ప్రశ్న పేజ్‌ను వదలలేదు.

ఆటగాళ్ళకూ సంఘం ఉండేది. పేజ్ అందులో ముందుండి పనిచేశారు. యజమానులతో బేరం ఆడాలంటే చట్టం తెలియాలి. అంతకుముందే ఒకసారి లా కాలేజీలో చేరి, కొద్ది వారాలకే మానేశారు. మళ్ళీ చేరారు. ఒకపక్క ఆట, ఒకపక్క లా పుస్తకాలు. 1978లో లా డిగ్రీ వచ్చింది.

అదే ఏడాది వైకింగ్స్ జట్టు ఆయన్ని తీసేసింది. కారణం కొంచెం వింతగా ఉంటుంది. భార్య డయాన్ సిగరెట్లు మానడానికి పరుగు మొదలుపెట్టింది. తోడుగా ఆయనా పరుగెత్తాడు. ఒళ్ళు బాగా తగ్గింది. ఈ బరువు చాలదని జట్టువాళ్ళు అన్నారు. షికాగో జట్టు పిలిచింది. అక్కడ 1981 దాకా ఆడారు. ఈలోగా, 1979లో, 42 కిలోమీటర్ల పరుగు పందెం కూడా పూర్తి చేశారు. మొత్తం పదిహేనేళ్ళ ఆటలో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు.

ఆట లేని నెలల్లో ఊరికే కూర్చోలేదు. మిన్నియాపొలిస్ నగరంలో లాయరుగా పని నేర్చుకున్నారు. తర్వాత ప్రభుత్వం తరఫున వాదించే లాయరు అయ్యారు.

1988లో ఫుట్‌బాల్ ఘనుల భవనంలో ఆయన పేరు చేర్చారు. ఆ భవనం ఉన్నది కాంటన్‌లోనే. దాన్ని కడుతున్నప్పుడు కుర్రవాడైన పేజ్ అక్కడ పని చేశాడు! అలాంటి సభలో ఆటగాణ్ణి పరిచయం చేసేది సాధారణంగా శిక్షకుడో, తోటి ఆటగాడో. పేజ్ ఒక బడి ప్రిన్సిపాలమ్మను పిలిచారు. ఆయన మాట్లాడింది కూడా ఆట గురించి కాదు, చదువు గురించి.

ఆ ఏడాదే భార్యాభర్తలు ‘పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్’ పెట్టారు. మిన్నెసోటాలో తెల్లవారు కాని కుటుంబాల పిల్లలు కాలేజీ చదవడానికి డబ్బు సాయం చేయడం దీని పని. అయితే ఒక షరతు ఉంది. సాయం అందుకున్నవారు ఏడాదికి 50 గంటలు చిన్నపిల్లలకు చదువులో తోడుగా ఉండాలి. పెద్దవాళ్ళ మాట కంటే, తమలాంటి ఇంటి నుంచే కాలేజీకి వెళ్ళిన అన్న, అక్క మాట పిల్లలు త్వరగా వింటారు. డబ్బు ఒకరికే, లాభం ఇద్దరికి. వేలమంది విద్యార్థులు ఈ సాయం పొందారు.

మిన్నెసోటా సుప్రీంకోర్టు మన హైకోర్టు లాంటిది. అక్కడ జడ్జీలను ఓట్లతో ఎన్నుకుంటారు. 1992లో పేజ్ పోటీ చేయాలనుకున్నారు. కానీ ఉన్న జడ్జి పదవీకాలాన్ని గవర్నరు పొడిగించారు. అంటే ఎన్నిక ఉండదు. పేజ్ ఊరుకోలేదు, కోర్టుకు వెళ్ళారు. ఎన్నిక జరపాల్సిందేనని తీర్పు వచ్చింది. ఆయన నిలబడి గెలిచారు. ఆ కోర్టులో మొదటి నల్లజాతి జడ్జి ఆయనే. తర్వాత మూడుసార్లు గెలిచారు. డెబ్బై ఏళ్ళకు దిగిపోవాలని అక్కడి నియమం. అందుకే 2015లో దిగిపోయారు.

ఆటలో దెబ్బ తిని ఆయన చిటికెన వేలు పక్కకు వంగి అలాగే ఉండిపోయింది. బడులకు వెళితే పిల్లల చూపంతా ఆ వేలి మీదే. దాని మీదే కూతురితో కలిసి 2013లో పిల్లల కథల పుస్తకం రాశారు. 2017లో మిన్నియాపొలిస్‌లో ఒక బడి పాత పేరు తీసేశారు. కొత్త పేరు ఏం పెట్టాలో తేల్చడంలో పిల్లలూ పాలుపంచుకున్నారు. ఇప్పుడు దాని పేరు జస్టిస్ పేజ్ మిడిల్ స్కూల్.