ఏడో ఎక్సాన్ దగ్గర కాసేపు ఆగు

హైదరాబాద్

చిరంజీవి బుజ్జికి,

పీహెచ్‌డీకి క్రోమాటిన్ ల్యాబులో చేరాలా, స్ప్లైసింగ్ ల్యాబులోనా అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయంలో పాలిమరేజ్ ఆర్ఎన్ఏ తయారుచేస్తుంది. మరో అధ్యాయంలో ఇంట్రాన్లు తెగిపోయి ఎక్సాన్లు అతుక్కుంటాయి, అదే స్ప్లైసింగ్. క్రోమాటిన్ ఇంకెక్కడో ఉంటుంది. కణానికి ఈ అధ్యాయాలు లేవు. అమ్మమ్మ మల్లెలు కట్టేటప్పుడు చూశావుగా, వాడిన పువ్వు చేతికి తగిలితే కడుతూ కడుతూనే తీసి పక్కన పెట్టేది. స్ప్లైసింగ్ కూడా చాలావరకు అంతే, పాలిమరేజ్ ఇంకా జన్యువు మీద నడుస్తుండగానే జరిగిపోతుంది. డిస్ట్రోఫిన్ జన్యువు పొడవు 20 లక్షల అక్షరాల పైమాటే, దాన్ని ఒక్కసారి చదవడానికి దాదాపు 16 గంటలు కావాలి. పాలిమరేజ్ నడిచే ఆ దారంతా క్రోమాటినే. డీఎన్ఏ 147 అక్షరాల జతల చొప్పున హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్లకు ఎసిటైల్ తగిలితే ఆ చుట్టు వదులవుతుంది, నడక సాఫీ అవుతుంది. నడక మారితే ఏ ఎక్సాన్ నిలుస్తుందో, ఏది జారిపోతుందో అదీ మారవచ్చు.

పసిపిల్లలకు 16 కోట్ల ఇంజెక్షన్ అంటూ పేపర్లలో విరాళాల విన్నపాలు చదివావు కదా, ఆ జబ్బునే తీసుకో. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. ఈ పిల్లల్లో ఎస్ఎంఎన్1 జన్యువు పనిచేయదు. దాని జంటలాంటి ఎస్ఎంఎన్2 ఉంది కానీ, దాని ఏడో ఎక్సాన్లో ఆరో అక్షరం సీ బదులు టీ. అమైనో ఆమ్లం మారదు, అయినా స్ప్లైసింగ్ ఆ ఎక్సాన్‌ను ఎక్కువసార్లు వదిలేస్తుంది. అలా కొస తెగిన ప్రొటీన్ నిలవదు, కండరాలను కదిలించే నాడీకణాలు చచ్చిపోతాయి. 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన నుసినెర్సెన్ అనే మరో మందు ఆ ఎక్సాన్ పక్క ఇంట్రాన్లో ఒక చోట అతుక్కుని, అడ్డుకునే ప్రొటీన్లను అక్కడ కూర్చోనివ్వదు. ఎక్సాన్ నిలుస్తుంది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబులో ఏడ్రియన్ క్రైనర్ ఏళ్ల తరబడి చేసిన పని దీని వెనక ఉంది. నన్నడిగితే మా రంగంలో ఇంత గొప్ప పని మరొకటి లేదు.

కథ అక్కడ ముగియలేదు. 2022లో బ్యూనస్ ఐరిస్‌కు చెందిన ఆల్బెర్టో కార్న్‌బ్లిట్ బృందం, క్రైనర్‌తో కలిసి, ఇదే మందు క్రోమాటిన్‌నూ తాకుతోందని చూపించింది. ఎస్ఎంఎన్2 మీద హిస్టోన్లకు మిథైల్ గుర్తులు పెరిగి, పాలిమరేజ్‌కు దారి బిగుసుకుంటోంది. నడక నెమ్మదిస్తే బలహీనమైన ఎక్సాన్‌కు వ్యవధి దొరికి నిలుస్తుందని సాధారణంగా చెబుతారు. ఏడో ఎక్సాన్ తీరు వేరు, నడక నెమ్మదిస్తే అది జారిపోతుంది. అంటే మందు ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో కొంత లాక్కుంటోంది! మూర్ఛకు ఎప్పటినుంచో వాడే వాల్ప్రోయిక్ ఆమ్లం హిస్టోన్ల ఎసిటైల్ పోనివ్వదు. దాన్ని ఆ మందుతో కలిపి ఇస్తే జబ్బున్న చిట్టెలుకలు ఇంకా బాగా పెరిగాయి, ఎక్కువ కాలం బతికాయి. ఎలుకల్లో తేలింది పిల్లల వైద్యం కాదని నీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆర్ఎన్ఏను మాత్రమే చూసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ కనబడేది కాదు.

నా సంగతి చెబుతాను. విద్యార్థిగా ఉన్నప్పుడు క్యాంప్టోథెసిన్ వేసి పాలిమరేజ్‌ను నెమ్మదింపజేశాను. పెరగాల్సిన ఎక్సాన్ తగ్గింది. నోట్‌బుక్కులో ‘ఫెయిల్’ అని రాసి, పేజీ తిప్పేశాను. ఆ పేజీ ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. నీకు అలాంటి పేజీ వస్తే మళ్లీ చెయ్యి, మూడోసారీ చెయ్యి. అదే రోజు, అదే ప్లేటు కణాల్లోంచి ఇంకా తయారవుతున్న ఆర్ఎన్ఏనూ, ఆ జన్యువు మీది హిస్టోన్ గుర్తులనూ కొలువు. కొలిచే పని రెట్టింపవుతుంది, తప్పదు.

ఇక ల్యాబు సంగతి. ఈ రెండు కొలతలూ చేయనిచ్చే గైడు ఎక్కడుంటే అక్కడ చేరు. రెండు ల్యాబుల గైడ్లూ సరేనంటే మాత్రం స్ప్లైసింగ్ వైపే వెళ్లమంటాను. ఎక్సాన్ నిలిచిందో లేదో సాయంత్రానికి జెల్ మీద కనిపిస్తుంది, కొత్తల్లో ఆ ధైర్యం కావాలి. నీ మొదటి జెల్ ఫొటో నాకు పంపు. పై బ్యాండు, కింది బ్యాండు రెండూ ఉండాలి, ఏదీ కత్తిరించకు.

ప్రేమతో,
పిన్ని