పోలికయు, పరీక్షయు

మన ప్రేవులయందు వసించు ఎషెరిషియా కోలై యను సూక్ష్మజీవి జన్యులిపి 1997వ సంవత్సరమున సంపూర్ణముగా వెల్లడియయ్యెను. అందలి 4,288 ప్రోటీను జన్యువులలో నూటికి 38 జన్యువుల పని యేమో నాడు తెలియకుండెను. అట్టి జన్యువు తెలిసిన ఎంజైము జన్యువును పోలియున్నచో, రెంటి పనియు నొక్కటే యని మన మూహింతుము. కాని యూహ నిర్ణయము కాదు.

బాక్టీరియాలయందలి రెండు ఎంజైములను గమనింతము. ఒక్కొక్కదానియందు 475 అమినో ఆమ్లములు గలవు. భేదము 9 స్థానములయందు మాత్రమే. అయినను ఒకటి అట్రజీను అను కలుపుమందునుండి క్లోరినును తొలగించును. రెండవది మెలమీనునుండి అమినో భాగమును తొలగించును. పోలికనే నమ్మి పేరు వ్రాసినచో, ఆ తప్పు పట్టికనుండి పట్టికకు ప్రాకును. కావున ఎంజైమును శుద్ధిచేసి, ఆయా పదార్థములతో కలిపి, మార్పును కొలిచిన పిమ్మటనే దాని పనిని నిశ్చయింపవలెను. ముఖము చూచి గుణము నిర్ణయింపరాదు గదా!