చెయ్యి ఫోన్‌ మీదికే పోతోంది

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. గ్రూప్‌-2కు చదువుతున్నా. పుస్తకం తీసిన పది నిమిషాలకే ఫోన్‌ పట్టుకుంటున్నా. రాత్రి రెండింటిదాకా రీల్స్‌. బాపు సింగరేణిలో నైట్‌ షిఫ్ట్‌ చేసి ఇంటికొచ్చేసరికి నేనింకా పడుకునే ఉంటా. సిగ్గేస్తోంది.
- ఒక పాఠకుడు, బెల్లంపల్లి

జవాబు: ముందు ఆ సిగ్గును పక్కన పెట్టండి. తిట్టుకునే కొద్దీ మనసు ఊరట కోసం మళ్లీ ఫోన్‌నే వెతుక్కుంటుంది. తర్వాతి రీల్‌లో ఏముందోనన్న ఆశకే మెదడులో డోపమైన్‌ పెరుగుతుంది. దాన్ని అదుపు చేయాల్సింది నుదుటి వెనకున్న భాగం. నిద్ర తగ్గితే అది బాగా నీరసిస్తుంది. కాబట్టి మీ చదువు బాగుపడాల్సింది రాత్రి నుంచే. పదిన్నరకల్లా ఫోన్‌ అమ్మ చేతికివ్వండి, అలారానికి మామూలు గడియారం పెట్టుకోండి.

పగలు ఫోన్‌ సైలెంట్‌లో పెడితే చాలదు. 2017లో టెక్సస్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెట్టిన పరీక్షలో, బల్లమీద ఫోన్‌ ఉన్నవాళ్లకంటే వేరే గదిలో వదిలి వచ్చినవాళ్లు మెరుగ్గా చేశారు. తర్వాతి పరిశోధనల్లో ఫలితం ఇంత స్పష్టంగా రాలేదు గానీ, ఇది పైసా ఖర్చులేని పని, చేసి చూడండి.

'రేపట్నుంచి బాగా చదువుతా' అనుకోవద్దు. 'పొద్దున చాయ్‌ తాగగానే పాలిటీలో ప్రాథమిక హక్కులు తీస్తా' అని కాగితం మీద రాసుకోండి. మొదట 20 నిమిషాలే. ఫోన్‌ గుర్తొస్తే లేవకుండా ఆ కాగితం మీదే ఒక గీత గీసి చదువు సాగించండి.

దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటినా, చిన్నప్పట్నుంచీ ఏ పనిమీదా ధ్యాస నిలవకపోయినా మానసిక వైద్యుణ్ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. టెలిమానస్‌ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్‌ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.