చదివినాకే సంతకం

వినాయక చవితి దగ్గర పడింది. ధూల్‌పేటలో ఎక్కడ చూసినా గణపతి బొమ్మలే. బొమ్మలు చేసే ఒక ఇంట్లో రంగులకు డబ్బు లేదు. ఇంటామె పదివేలు అప్పు అడిగింది. షావుకారు అచ్చు వేసిన ప్రామిసరీ నోటు తెచ్చాడు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. మిగతాది నేను రాసుకుంటా" అన్నాడు.

ఇదివరకైతే ఆమె వేలిముద్ర వేసేది. ఇప్పుడు చదువు వచ్చింది. నోటు చేతిలోకి తీసుకుంది. కూడబలుక్కొని చదివింది. అప్పు ఎంతో లేదు. మిత్తి ఎంతో లేదు. తారీఖు లేదు.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు షావుకారు.

"నమ్మకం ఉంది సేటూ. రాత కూడా ఉండాలె."

నోటులో "కోరినప్పుడు చెల్లించగలను" అని ఉంది. ఆమె పక్కింటి వదినను అడిగింది.

"కోరినప్పుడంటే సేటు ఎప్పుడు అడిగితే అప్పుడు కట్టాలె" అన్నది వదిన.

"చవితి అయినాక కడతనని గదా చెప్పిన! అట్లనే రాయి సేటూ."

షావుకారు వేరే కాగితం మీద తేట మాటల్లో రాశాడు: "నేను మీ దగ్గర 10,000 రూపాయలు అప్పు తీసుకున్నాను. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తితో నవంబరు 30న మీకు చెల్లిస్తాను." కింద పేర్లు, సంవత్సరంతో సహా తేదీలు రాశాడు. కాగితానికి తగిన స్టాంపు ఉంది. ఆమె చదివింది. ప్రతి మాటా అర్థమైంది. అప్పుడు సంతకం చేసింది.

తెలుసుకుందాం

నోటుకు కఠినమైన మాటలు అవసరం లేదు. ప్రామిసరీ నోట్ల చట్టం 1881లో వచ్చింది. అందులో చూపిన నమూనాలు ఒక్కొక్క వాక్యమే.

స్టాంపు ఉన్న ఖాళీ నోటుపై సంతకం చేసి ఇవ్వకూడదు. ఇస్తే, ఖాళీలు నింపుకొనే అధికారం ఎదుటివారికి ఇచ్చినట్లే.

కొంత డబ్బు కడితే నోటు వెనుక రాయించాలి. తేదీ, సంతకం ఉండాలి. అప్పు తీరగానే నోటు తిరిగి తీసుకోవాలి.

కాగితం అర్థం కాకపోతే న్యాయ సేవా సంస్థను అడగవచ్చు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. ఆదాయం ఎంత ఉన్నా సరే. ఫోను నంబరు 15100.

ఆలోచించండి

1. మొదటి నోటులో ఏమేమి రాయలేదు?
2. "కోరినప్పుడు" అంటే ఏమిటి?
3. మీ ఇంట్లో ఉన్న ఒక కాగితం తీసి చదవండి. అర్థం కాని మాటలు రాసుకొని, తెలిసినవారిని అడగండి.