ఆ కిడ్నీ ఇప్పుడు నీదే చెల్లెమ్మా

కిడ్నీ మార్పిడి అయి ఇంటికొచ్చాక మనల్ని ముందుగా భయపెట్టేవి నీళ్ళేనమ్మా. డయాలసిస్ రోజుల్లో గుక్కగుక్కకీ లెక్కే. అనంతపురం ఎండకి నాలుక పిడచగట్టుకుపోతున్నా చెంబు వైపు చూడకుండా ఓర్చుకున్నాం. ఇప్పుడు డాక్టరు బాగా తాగమంటుంటే చెయ్యి ముందుకు రాదు. ఒళ్ళు మళ్ళీ ఉబ్బుతుందేమో, ఆయాసం వస్తుందేమోనని బెంగ. ఇన్నాళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా? రోజుకి ఎన్ని లీటర్లు తాగాలో డాక్టరును అడుగు. పొద్దున్నే అన్ని సీసాలూ నింపి కళ్ళెదురుగా పెట్టుకో. మీ ఊరికి సత్యసాయి పథకం నీళ్ళొస్తున్నా సరే, కాచి చల్లార్చినవే తాగు. ఎండాకాలంలో దాహం వేసేదాకా ఆగొద్దు.

తుమ్మొస్తే చాలు, గుండె గుభేలుమంటుంది కదూ? ఒళ్ళు ఈ కిడ్నీని తోసేస్తుందేమోనని. మన ఒంటి రక్షణ బలానికి అది పరాయిదిగానే కనిపిస్తుంది. ఆ బలం కిడ్నీ మీద పడకుండా అణిచి ఉంచేవి టాక్రోలిమస్ లాంటి మాత్రలే. అందుకే వాటిని పన్నెండు గంటల ఎడంతో, రోజూ ఒకే వేళకి వేసుకోవాలి. ఫోన్లో అలారం పెట్టుకో, ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ వేళలు చెప్పి ఉంచు. చెకప్‌కి బెంగళూరో తిరుపతో వెళ్ళేటప్పుడు మాత్రలు చేతిసంచీలోనే ఉండాలి, కాగే బస్సు డిక్కీలో కాదు. మందు లెవెల్ చూసే రోజు రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వేసుకోవాలి. ఒళ్ళు నొప్పులని షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగడం, ఎవరో చెప్పారని నాటుమందు తాగడం ఇక బంద్! జ్వరమొచ్చినా, మూత్రం తగ్గినా, ఒక్కసారిగా బరువు పెరిగినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యి.

మరి తిండి మాటేంటి? సంగటి, పప్పు వేడివేడిగా తిను. ఊరుబిండిలో ఉప్పు మాత్రం తగ్గించు, బీపీ పెరిగితే కిడ్నీకే దెబ్బ. బూజు పట్టిన శెనక్కాయలు ఏరి పారెయ్. పంపర పనస జోలికి పోవద్దు, అది రక్తంలో మందు లెవెల్‌నే తారుమారు చేస్తుంది. మన చీనీకాయలు ఎంత తినొచ్చో డాక్టరును అడిగాకే తిను. చేను పనికి వెళ్ళాలని ఉందా? డాక్టరు సరేనన్నాక వెళ్ళు. చెప్పులు, చేతికి గ్లవ్స్, దుమ్ము గాలికి మాస్కు ఉండాల్సిందే. గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికైనా, కదిరి తేరుకైనా మొదటి ఏడాది రద్దీ తగ్గాక పోదాంలే. దేవుడెక్కడికీ పోడు.

ఇక డబ్బు. జీవితాంతం మందులంటే గుండె బరువెక్కదా? మొహమాటపడితే నష్టం మనకే. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏమేం అందుతాయో అడుగు. కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి అయినవాళ్ళకి 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకి 10,000 రూపాయలు. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని సచివాలయానికి వెళ్ళు.

అన్నిటికంటే లోపల కోసేది ఇంకోటుంది. అమ్మ తన కిడ్నీ ఇచ్చింది, ఈ రుణం ఎలా తీర్చుకోవాలని రాత్రుళ్ళు నిద్రపట్టదు. ఆమె కాస్త నీరసంగా కనిపించినా తప్పు మనదేననిపిస్తుంది. ఒక సంగతి విను. 1954లో బోస్టన్‌లో తొలిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చిన రోనాల్డ్ హెరిక్, మిగిలిన ఒక్క కిడ్నీతో 2010 దాకా, 79 ఏళ్ళ వయసు వరకూ బతికారు. అమ్మకీ భయం లేదు, పట్టించుకోవాలంతే. ఏడాదికోసారి ఆమె బీపీ, క్రియాటినిన్, మూత్రం పరీక్ష చేయించు. నీ చెకప్‌తో పాటే తీసుకెళ్ళు, ఆ ఒక్కటీ మరిచిపోకు. ఆమె ముందు తలదించుకుని తిరగొద్దు. నువ్వు నవ్వుతూ తిరగాలనే కదా ఇచ్చింది?

కన్నుమూసిన వ్యక్తి నుంచి ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా అవయవం అందినవాళ్ళ బాధ వేరు. పేరు తెలియదు, ఊరు తెలియదు, ఎవరికి దణ్ణం పెట్టాలి? ఇంకో ఇంటి ఏడుపు మీద నా బతుకు నిలబడిందా అన్న కలత. ఆ ప్రాణం పోయింది మన వల్ల కాదమ్మా. అంత దుఃఖంలోనూ వాళ్ళింటివాళ్ళు ఇంకొకరు బతకాలనుకున్నారు. ఏటా ఆగస్టు 3ని తలచుకో. 1994లో అదే రోజున మన రాజమండ్రి బిడ్డ డాక్టర్ వేణుగోపాల్ ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే తొలి గుండె మార్పిడిని విజయవంతంగా చేశారు. ఇప్పుడది అవయవదాన దినం. ఆ రోజు రచ్చబండ దగ్గరో, పొదుపు సంఘం సమావేశంలోనో నీ కథ చెప్పు. అవయవం ఇస్తే వచ్చే జన్మలో లోటుంటుందనే పెద్దవాళ్ళు నిన్ను కళ్ళారా చూడనీ. మన ఊళ్ళో ఒక్కరు జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నా ఎంత మేలు!

ఉద్యోగం, చదువు, పెళ్ళి, పిల్లలు, ఏవీ వదులుకోకు. పిల్లల్ని కనాలనుకుంటే మార్పిడి తర్వాత కనీసం ఏడాది ఆగి, డాక్టరు మందులు మార్చాకే ఆలోచించు. అవయవ మార్పిడి అయినవాళ్ళకి 1978 నుంచి ప్రపంచ క్రీడలే జరుగుతున్నాయి. పరుగెత్తేవాళ్ళున్నారు, ఈదేవాళ్ళున్నారు. మనం కనీసం పొద్దున్నే ఊరి చివరిదాకా నడవలేమా? మాత్ర వేళ తప్పకుండా, నచ్చిన పని మానకుండా నిండుగా బతుకు. ఇచ్చినవాళ్ళు కోరుకున్నది అదే. రేపటి నుంచే మొదలుపెట్టు, సరేనా?